వైజ్ఞానిక కల్పనా చిత్రములు: శిల్పము, వాతావరణము, అర్థము

కావ్యమున అర్థము శబ్దము నాశ్రయించి యుండునట్లు చలనచిత్రమున అర్థము వెలుగును, ధ్వనిని, కూర్పును ఆశ్రయించి యుండును. ఈ మాట అన్ని చిత్రములకును చెల్లునదే యైనను, వైజ్ఞానిక కల్పనను వస్తువుగా గ్రహించిన చిత్రములయెడ దీనికి విశేషప్రాముఖ్యము కలదు. కుటుంబకథను చూపు చిత్రమున ఇల్లు, వీథి, అంగడి ప్రేక్షకునకు ముందే తెలిసినవి. వానిని నమ్మింప నక్కరలేదు. వైజ్ఞానిక చిత్రమున చూపబడు లోకము ఎవరి యనుభవమునను లేదు. దానిని శిల్పమే పుట్టింపవలెను. పుట్టించిన పిదప నమ్మింపవలెను. నమ్మించిన పిదప దానికొక తాత్పర్యమును సమకూర్పవలెను. ఈ మూడు పనులును తెలుగు చిత్రములలో ఎట్లు సాగినవో, ఎచట కుంటుపడినవో పరిశీలించుట ఈ వ్యాసమున మా యుద్దేశము.

ఈ పరిశీలనకు ప్రేరకమైన సందర్భమును ముందుగా తెలుపుట యుక్తము. 1991లో విడుదలయిన 'ఆదిత్య 369' చిత్రము 2025 ఏప్రిల్‌లో మరల థియేటర్లకు వచ్చినది. దేవి, సుదర్శన్, సంధ్య, సప్తగిరి మొదలగు పేర్లతో చిక్కడపల్లి ప్రాంతమును చిరకాలముగ సినిమా పేటగా నిలిపిన ఆర్.టి.సి. క్రాస్ రోడ్డు చెంతనే ఆ చిత్రమును మేము కొందరు విద్యార్థులతో కలసి చూచితిమి. బాల్యమున, దాని తొలి విడుదలనాడు, నారాయణగూడలోని బంధువుల యింటనుండి నడచి వెళ్లి చూచినదియు ఆ చిత్రమే. ఆట ముగిసి అశోక్‌నగర్ వైపు నడచుచుండగా విద్యార్థులలో వాగ్వాదము పుట్టినది. "ఇది నేటికి చెల్లదండీ. యంత్రము అట్టతో చేసినట్లే తెలియుచున్నది. 'కల్కి' చూచిన కన్నులతో దీనిని చూడలేము" అని ఒకడనెను. రెండవవాడు కొంతదూరము మౌనముగ నడచి, "అట్ట యని తెలియుచునే యున్నది. అయినను వారు తమ కాలమునకు తిరిగి రాలేకపోయినప్పుడు నాకు భయము వేసినది. ఎందుకు వేసినది?" అని యడిగెను.

ఆ రెండవ ప్రశ్నకు మేము వెంటనే సమాధానము చెప్పలేకపోతిమి. సాధనము బయటపడిన పిదపకూడ భావము నిలిచియున్నచో, భావమును కలిగించినది ఆ సాధనపు నిగనిగ కాదని యర్థము. అది మరి యేది?

మాయయు యంత్రమును

అద్భుతరసమునకు విస్మయము స్థాయిభావమని భరతుడు చెప్పెను. పౌరాణిక చిత్రమునను వైజ్ఞానిక చిత్రమునను విస్మయమే ప్రధానము గదా, భేదమెక్కడ నున్నది అను సందేహము సహజము. భేదము విస్మయమునందు గాక దాని కారణమునందున్నది. దేవత సంకల్పించిన మాత్రమున కార్యమగును. ఆ సంకల్పమునకు పరిమితి లేదు. యంత్రమునకు పరిమితి కలదు. అది యొక నియమమునకు లోబడి పనిచేయును. ఆ నియమము తప్పినచో చెడిపోవును.

ఈ భేదము మన సాహిత్యమునకు క్రొత్తది కాదు. 'మనుచరిత్ర'లోని ప్రవరుని పాదలేపమును స్మరింపుడు. సిద్ధుడిచ్చిన ఆ పసరు పాదములకు పూసికొని ప్రవరుడు హిమాలయమునకు పోయెను. మంచు సోకి లేపము కరగిపోయెను. తిరిగి పోవు మార్గము మూసికొనిపోయెను. కథ యంతయు ఆ కరగుటనుండియే పుట్టినది. పెద్దన చూపిన లేపము మహిమగల వస్తువే యైనను దానికి నీటివలన నశించు భౌతికధర్మము కలదు. మహిమ ప్రవరుని కొండకు చేర్చినది. భౌతికధర్మము అతనిని అచట చిక్కుపరచినది. వైజ్ఞానిక కథకు మూలసూత్ర మిదియే.

'ఆదిత్య 369' కథయు ఈ సూత్రముననే నడచును. కాలయంత్రమున నెక్కిన వారు మొదట శ్రీకృష్ణదేవరాయల కాలమునకు చేరుదురు. అచటినుండి స్వకాలమునకు రాదలచి బయలుదేరినప్పుడు యంత్రము వారిని 2504వ సంవత్సరమునకు కొనిపోవును. మూడవ ప్రపంచయుద్ధము ముగిసి, అణుధార్మికతవలన మనుష్యులు భూగర్భమున జీవించుచున్న కాలమది. పెద్దన కొలువున్న రాయల సభకు వెళ్లిన ఈ కథ, పెద్దన ప్రవరునకు కల్పించిన చిక్కునే తన పాత్రలకు కల్పించుట యాదృచ్ఛికమే కావచ్చును. కాని సహృదయునకు ముచ్చట గొలుపును. విద్యార్థి భయమునకు మొదటి కారణ మిచట దొరకినది. అతడు యంత్రపు రూపమును జూచి భయపడలేదు. దాని నియమమును నమ్మి భయపడెను.

గురుశిష్య పరంపర

ఈ నమ్మించు విద్య తెలుగు చిత్రసీమలో ఒక పరంపరగా వచ్చినది. 1957లో కె.వి. రెడ్డి దర్శకత్వమున విజయా సంస్థ నిర్మించిన 'మాయాబజార్' వైజ్ఞానిక చిత్రము కాదు. అయినను అందలి ప్రియదర్శిని పేటికను గమనింపుడు. మూత తెరచినంతనే తెరచినవారికి ప్రియమైన వస్తువో వ్యక్తియో కనబడును. పేరు పౌరాణికము, ప్రవర్తన యంత్రమువంటిది. తెరచిన ప్రతివానియెడలను అది యొకే నియమము ననుసరించును. ఎవరు తెరచిన వారి హృదయము బయటపడును. మార్కస్ బార్ట్లే ఛాయాగ్రహణము ఆ చిత్రమున అద్భుతములను ప్రదర్శనకొరకు గాక పాత్రల స్వభావమును వెల్లడించుటకు వినియోగించినది. ఘటోత్కచుని వివాహభోజనమున లడ్డులు ఎగిరి నోటబడుట చూచి మనము నవ్వుదుము. ఆ నవ్వు ఘటోత్కచుని యాకలిమీద, ఉల్లాసముమీద కలుగునదే గాని కెమెరా చాతుర్యముమీద కలుగునది కాదు.

ఆ కె.వి. రెడ్డి వద్ద సహాయకుడుగా పనిచేసినవారు సింగీతం శ్రీనివాసరావు. 'ఆదిత్య 369'కు దర్శకుడు ఆయనయే. 2024 జూన్ 27న విడుదలయిన నాగ్ అశ్విన్ చిత్రము 'కల్కి 2898 ఏ.డి.'కి మార్గదర్శకుడుగా నిలిచినవారును ఆయనయే. 1957, 1991, 2024: ఈ మూడు సంవత్సరములను కలుపు సూత్రము ఒక వ్యక్తి కృషియందు మనకు లభించుచున్నది. కావున ఈ చిత్రములను పోల్చుట వట్టి కాలక్షేపము కాదు; ఒక సంప్రదాయపు పెరుగుదలను పరిశీలించుటయే యగును.

కూర్పు: ప్రతి కోతయు కాలయంత్రమే

ఇక శిల్పాంగములను వరుసగా విచారింతము. చిత్రమున ఒక దృశ్యమునకును మరియొక దృశ్యమునకును నడుమ కోత యుండును. ఆ కోతలో ఒక క్షణము గడువవచ్చును, పదేండ్లు గడువవచ్చును. బాలుడు పరుగెత్తుచు యువకుడగుట మన చిత్రములలో సామాన్యము. దానిని చూచి యెవ్వరును విస్మయపడరు. అనగా ప్రతి చిత్రమును కాలయానమును చేయుచునే యున్నది. స్టాన్లీ కుబ్రిక్ 1968లో తీసిన '2001: ఎ స్పేస్ ఒడిస్సీ'లో ఆదిమవానరుడు విసరిన యెముక ఆకాశమున తిరుగుచుండగా ఒక్క కోతతో అంతరిక్షనౌక కనబడును. లక్షల సంవత్సరములు ఆ కోతలో నడగిపోయినవి. ఎముకయు ఆయుధమే, నౌకయు దాని సంతతియే యను వ్యాఖ్యానము ఒక్క మాటయైన లేకయే సిద్ధించినది.

ఇట్లుండగా కాలయాన కథను తీయు దర్శకునకు ఒక విచిత్రమైన కష్టము కలదు. సామాన్యమైన కోతకును, కాలయంత్రము చేసిన ప్రయాణమునకును భేదమును చూపవలెను. అందుకే ఇట్టి చిత్రములలో ప్రయాణమునకు ముందు దీపములు వెలుగుట, కుదుపు, శబ్దము పెరుగుట, లోపలివారి ముఖములను దగ్గరగా చూపుట మున్నగు క్రియాకలాపము ఉండును. ఇది ఆడంబరముగా దోచవచ్చును. కాని ఇది లేనిచో ప్రేక్షకుడు దృశ్యము మారినదని యనుకొనునే గాని కాలము మారినదని యనుకొనడు. అందును ముఖములే ముఖ్యము. అసంభవమైన వస్తువును మనము నేరుగ నమ్మము. దానిని చూచుచున్న మనుష్యుని కన్నులద్వారా నమ్ముదుము. 'ఆదిత్య 369'లో హాస్యపాత్రయగు పోలీసును యంత్రములో నెక్కించుట ఈ కారణముననే సార్థకము. నమ్మశక్యము గాని దానిని చూచి బిత్తరపోవు పని ప్రేక్షకునకు బదులుగ అతడు చేయును. మన సంశయము అతని నోట నవ్వుగ వెలువడి పోవును, మిగిలినది విశ్వాసము.

వెలుగు, వర్ణము, రంగాలంకరణము

ఆ చిత్రమునకు పి.సి. శ్రీరామ్, వి.ఎస్.ఆర్. స్వామి, కబీర్‌లాల్ అను మువ్వురు ఛాయాగ్రాహకులు పనిచేసిరి. ఒక చిత్రమున మూడు చేతులు కలియుట సాధారణముగ దోషమగును. మూడు కాలములలో సంచరించు కథ కావున ఇచట అది గుణముగ పరిణమించినది. రాయలనాటి ఘట్టములలో తెర నిండుగ నుండును: స్తంభములు, ఆభరణములు, జనసమూహము. భవిష్యద్ఘట్టమున భూగర్భనివాసము కావున ఆకాశమే లేదు. నిండుదనమునుండి రిక్తతకు జరిగిన ఈ మార్పే ఆ కథ చెప్పదలచిన నీతి. గతము మనకు సంపదగా కనబడుచున్నది, భవిష్యత్తు మనము చేసిన తప్పునకు ఫలముగా కనబడుచున్నది. ఈ మాటను ఏ పాత్రయు ఉపన్యసింప నక్కరలేకపోయెను.

భవిష్యద్ఘట్టమున సెట్టు సెట్టుగనే తోచుననియు, కొన్ని యంత్రములు ఆటవస్తువులవలె నుండుననియు విద్యార్థి చేసిన యాక్షేపణను మేము నిరాకరింపము. కాని దానికి కారణము ధనలోపము మాత్రమే కాదు. ఆ గోడలమీద మరకలేదు. ఆ వస్తువులను ఎవరును వాడిన గుర్తు లేదు. మనుష్యులు నివసించుచోట మాపు పడును. 1982లో రిడ్లీ స్కాట్ 'బ్లేడ్ రన్నర్'లో భవిష్యన్నగరమును వాన, పొగ, చీకటి, పాతబడిన భవనములతో నింపెను. భవిష్యత్తుకూడ పాతబడునను గ్రహింపు అందు కలదు. 'కల్కి'లోని కాశీ ఈ పాఠమును చక్కగ నేర్చినది. గంగ యెండిన ఆ నగరమున ధూళి అన్నిటిమీద పరచుకొనియున్నది. వాహనములు అతుకులతో కూడియున్నవి. ఆ ధూళియే వాతావరణము. నీరు లేదని ఎవరును చెప్పకమునుపే ప్రేక్షకుని గొంతు ఎండిపోవును.

ఎత్తుపల్లములు

కాశీకి పైన తలక్రిందుగ వ్రేలాడు గోపురమువంటి కాంప్లెక్స్ నిర్మాణమును నిలుపుట 'కల్కి' చిత్రమున రచనాకౌశలమునకు ముఖ్యోదాహరణము. క్రిందివారికి లేని పచ్చదనము, నీరు అచట కలవు. కెమెరా క్రిందినుండి పైకి చూచినప్పుడెల్ల ఆ నగరవాసుల యాశయు దైన్యమును ఒక్కమారు తెలియును. ఈ పద్ధతికి పూర్వరూపము 1927లో ఫ్రిట్జ్ లాంగ్ తీసిన 'మెట్రోపోలిస్'లో కలదు. అందు ప్రభువులు మేడలలోను కార్మికులు భూగర్భమునను నివసింతురు. చిన్న నమూనా భవనములను అద్దమున ప్రతిఫలింపజేసి, ఆ యద్దమున కొంత మేర కళాయి గీసివేసి, ఆ సందునుండి నిజమైన నటులను కనబరచి, రెంటిని ఒకే చిత్రముగ కలుపు ఉపాయమును ఆ చిత్రమున వాడిరి. నేడు ఆ పనిని కంప్యూటర్ గ్రాఫిక్సు చేయుచున్నది. ఉపాయము మారినది, పైవాడు క్రిందివాడను భావమును ఎత్తుపల్లములతో చెప్పు రీతి మారలేదు.

అశ్వత్థామను మానవమాత్రులకంటె మిక్కిలి పొడవుగ చూపుటయు ఇట్టిదే. ఆ పొడవు బలమును మాత్రమే సూచింపదు. అతడు మరియొక యుగమునకు చెందినవాడనియు, ఈ కాలపు ద్వారములు, పైకప్పులు అతనికి సరిపోవనియు తెలియును. చావులేకపోవుట వరము కాదు, శాపమను మాటకు ఆ కొలతయే భాష్యము. అట్లే కురుక్షేత్రఘట్టమున శ్రీకృష్ణుని ముఖమును నీడయందే యుంచుట ప్రశంసింపదగినది. అపారధనవ్యయముతో సమస్తమును చూపగల చిత్రము ఒక ముఖమును చూపకుండుటకు నిశ్చయించుకొన్నది. ఆనందవర్ధనుడు ధ్వని యని దేనిని చెప్పెనో, దానికి తెరమీది ప్రతినిధి ఈ నీడ.

నాదము, నిశ్శబ్దము, భాష

అంతరిక్షమున గాలి లేదు కనుక శబ్దము లేదు. ఈ శాస్త్రసత్యమును కుబ్రిక్ కళగ మార్చెను. నౌక వెలుపలికి పోయిన మనుష్యుని శ్వాస తప్ప మరియేమియు వినబడని దృశ్యములు ఆయన చిత్రమున కలవు. మన శ్వాసను మనమే వినుచున్న ట్లుండును; ఏకాంతమునకు అంతకుమించిన వర్ణన లేదు. తెలుగు చిత్రములు నిశ్శబ్దమును నమ్ముట తక్కువ. సంకల్ప్ రెడ్డి 2018లో తీసిన 'అంతరిక్షం 9000 కె.ఎం.పి.హెచ్.' గగనయానమును వస్తువుగా గ్రహించిన అరుదైన ప్రయత్నము. అట్టి వస్తువు వాద్యఘోషకంటె మౌనమునే యెక్కువగ కోరునని మా యభిప్రాయము.

అయితే తెలుగు చిత్రమునకు మరియొక నాదసంపద కలదు. అది భాష. 'ఆదిత్య 369'కు జంధ్యాల సంభాషణలు కూర్చెను. ఇళయరాజా సంగీతము సమకూర్చెను. ఆస్థాననృత్యఘట్టమున శాస్త్రీయమైన బాణీ వినబడును. రాయల సభవారి పలుకుబడియు నేటివారి వాడుకయు ఒకదానినొకటి ఒరసికొనును. ఆ యొరపిడినుండి హాస్యమును పుట్టును, కాలదూరమును తెలియును. కెమెరాకు సాధ్యము గాని కాలయానమును వ్యాకరణము సాధించినది. కాసు ఖర్చులేని ఈ సాధనము 'కల్కి'లో వినియోగింపబడలేదు. 2898లోను జనులు మన నేటి మాటలనే మన నేటి యాసతో పలుకుదురు. నన్నయకును మనకును నడుమ సుమారు వేయి సంవత్సరములు గడచినవి. భాష ఎంత మారినదో మన శాఖలలో చదువు ప్రతి విద్యార్థియు ఎరుగును. ఇంచుమించు తొమ్మిదివందల యేండ్లలో నగరము, నది, వాహనము మారగా మాట మాత్రము మారలేదనుట లోపమే. ప్రేక్షకునకు అర్థము కావలెనను సమాధానము సమంజసమే యైనను, పది క్రొత్త పదములు, ఒక మారిన క్రియాప్రత్యయము చాలును. చెవి మిగిలినది ఊహించుకొనును.

అల్పసాధనము, అధికార్థము

సాధనసంపత్తికిని అర్థసంపత్తికిని విధిగా సంబంధము లేదనుటకు 2022లో శ్రీకార్తీక్ దర్శకత్వమున వచ్చిన 'ఒకే ఒక జీవితం' నిదర్శనము. అందలి నాయకుడు మరణించిన తల్లిని మరల చూచుటకై కాలయంత్రమున 1998కి పోవును. రాజ్యములు లేవు, యుద్ధములు లేవు. ఒక యిల్లు, ఒక తల్లి, ఆ నాటి సామాన్యవస్తువులు కలవు. పరికరములు పరిమితమైనను కాలము మరలిరాదను వేదన సంపూర్ణముగ పలికినది. క్షేమేంద్రుడు ఔచిత్యము రసమునకు జీవితమనెను. శిల్పమునకు విలువ దాని వెలతో గాక అది యే భావమునకు ఒదిగినదో దానితో నిర్ణయింపబడును. 'కల్కి'లోని ధూళి ఒదిగినది కనుక గొప్పది, వ్యయమైనది కనుక కాదు. 'ఆదిత్య 369'లోని యంత్రము అట్టవలె నున్నను నిలిచినది, కథ దానిని నియమబద్ధముగ నడిపినది కనుక.

చివరి మాట ఒకటి మిగిలియున్నది. ఆనాడు భయము వేసినదన్న విద్యార్థి అశోక్‌నగర్‌లో ఉద్యోగపరీక్షలకు చదువుచు నాలుగేండ్లుగ ఒక చిన్న గదిలో నుండువాడు. పగలెల్ల చిక్కడపల్లిలోని నగర కేంద్ర గ్రంథాలయమున కూర్చుండును. మేము ప్రవరుని పాదలేపమునుగూర్చి చెప్పగా అతడు విని, "మా ఊరినుండి వచ్చునప్పుడు ఒక యేడాది యని చెప్పి వచ్చితిని. యంత్రము తప్పు సంవత్సరమున దింపినది" అని నవ్వెను. మేము నవ్వలేకపోతిమి. చిత్రము అతనికి కలిగించిన భయము అతని జీవితముననే యున్నది. శిల్పము దానికొక రూపము నిచ్చినది. వెలుగు, కూర్పు, నాదము అన్నియు చేరి చేయవలసిన పని యిదియే.

మన తెలుగు శాఖలు చలనచిత్రమును ఇంకను వినోదమని ప్రక్కకు పెట్టుచున్నవి. భవిష్యత్తును ఊహించు వాఙ్మయము నేడు మన యువకులకు అత్యధికముగ తెరమీదనే లభించుచున్నది. దానిని చదువు పద్ధతి మనము నేర్పనిచో వారు దానిని అట్టయా, గ్రాఫిక్సా యని మాత్రమే కొలుతురు. ప్రవరుని లేపమునకు వ్యాఖ్యానము చెప్పు చోటనే కాలయంత్రమునకును వ్యాఖ్యానము చెప్పవలెను. రెంటికిని ప్రశ్న ఒక్కటే: ఇంటికి తిరిగి పోవు మార్గమేది?